ఈశాన్యం మూల

నల్లా నీళ్లు సన్నగా వస్తున్నాయి. భాగ్య బిందె మూతికి పాత చీర ముక్క కట్టి, నల్లా కింద కొంచెం వాలుగా పెట్టింది. బిందె నిండుతున్నకొద్దీ నీళ్ల చప్పుడు మారుతోంది. ఆమె పక్కింటామెతో మాట్లాడుతూనే ఉంది, బిందె వైపు చూడడం లేదు. చప్పుడు మెడ దగ్గరికి వచ్చిందనిపించగానే చెయ్యి చాచి దాన్ని తప్పించి, ఖాళీ బిందె జరిపింది. ఒక్క చుక్క కింద పోలేదు.

లోపల ఆమె మొగుడు ఎల్లం నిన్నటి స్లాబ్ దావత్ నుంచి తెచ్చిన మటన్ కూర వేడి చేసుకుంటున్నాడు. ఆ వాసన గల్లీ మొదటి దాకా పోయింది.

"ఏమే, గిన్నెల బొక్కలే ఉన్నయి. ముక్కలన్ని మీ మేస్త్రి తిన్నడా?"

"రాత్రి నువ్వే తిన్నవు. నిద్రల తిన్నవేమో, యాది లేదు."

ఎల్లం నవ్వుతూ బొక్క చప్పరించాడు. అతనికి ట్రాలీ ఆటో ఉంది. ఆదివారం కిరాయిలు తక్కువ, అందుకే తీరిగ్గా ఉన్నాడు.

అప్పుడే దానమ్మ వచ్చింది. యోసేపు మేస్త్రి ముఠాలో భాగ్యతో పాటు పనిచేసే మనిషి. చర్చికి పోయే తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి చంకన పెట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని వేగంగా వచ్చింది.

"భాగ్యా, నీకు ఎరికైందా? నిన్న మనమేసిన స్లాబ్, రఘుపతి సేటు ఇల్లు... ఒక మూల గట్టిపడలేదంట."

"గట్టిపడకపోవుడేంది?"

"పడలే అంటున్న గద. సేటు పొద్దుగాల నీళ్లు కట్టనీకి పైకెక్కితే, కాలు దిగవడ్డదంట. తక్కినదంతా రాయి లెక్కున్నది. ఈశాన్యం మూల మటుకు మెత్తగున్నది, రొట్టెపిండి లెక్క."

బిందె నిండి పొర్లింది. భాగ్య చూసుకోలేదు.

"గా మూల సాయంత్రం పోసింది," అంది దానమ్మ. తర్వాత చెప్పబోయిన మాట చెప్పకుండా చెప్పులు తొడుక్కుంది. "నాకు ఆరాధనకు టైమైంది. నువ్వు జర పోయి చూడు."

చెప్పకపోయినా భాగ్యకు అర్థమైంది. నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా సిమెంటు మాలు కలిపే మిల్లర్ దగ్గర నీళ్లు పోసింది తనే. మొన్నటి ఎండాకాలంలోనే యోసేపు ఆమె తలమీది ఇనుప గమేళా దించి, బొక్కెన చేతికిచ్చి, తిరిగే డ్రమ్ము పక్కన నిలబెట్టాడు. ఆ జాగాలో అంతకుముందు ఆడమనిషి నిలబడలేదు.

*

రఘుపతిది బస్టాండు దగ్గర కరెంటు సామాన్ల దుకాణం. ఇల్లు ఊరి చివరి కొత్త కాలనీలో కట్టుకుంటున్నాడు. భాగ్య పోయేసరికి అతను మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ముఠా వాళ్లు అయిదారుగురు వచ్చి పైన నిలబడ్డారు. చర్చికి పోకుండా తిన్నగా ఇటే వచ్చిన యోసేపు తెల్లచొక్కా చేతులు పైకి మడిచి, ఆ మూల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. బొటనవేలితో ఒత్తాడు. వేలు గోరు దాకా దిగింది. తీసి చూసుకుని చొక్కాకు తుడుచుకోబోయి ఆగి, గోడకు తుడిచాడు.

"సిమెంటు ఒక్క లారీల వచ్చిందే. ఇసుక ఒక్క కుప్పదే. కంకర గదే," అన్నాడు తనలో తను అనుకున్నట్టు. తర్వాత తలెత్తి భాగ్యను చూశాడు.

"నీళ్లు."

"ఏమన్నవ్ అన్నా?"

"నీళ్లు ఎక్కువ పోసినవ్. దావత్ వాసన ముక్కుకు తగిలింది. మాలు పల్చగైతే జల్ది పని అయిపోతదని బొక్కెనల మీద బొక్కెనలు గుమ్మరించినవ్."

"లేదన్నా. పొద్దుగాల ఎట్ల పోసిన్నో, సాయంత్రం గట్లనే పోసిన. మాలు డ్రమ్ము రెక్కల మీదికెంచి జారే తీరు చూసే పోస్త నేను. నీకెరికే గద."

"నాకెరికే అనుకున్న. గిప్పుడు ఎరికైంది." అతను అందరి వైపూ తిరిగాడు. "ఇగో ఇనుండ్రి. రేపటి సంది భాగ్య గమేళా మోస్తది. నీళ్ల కాడ వేరేటోళ్లను పెడ్త."

ఎవరో కిసుక్కుమన్నారు. భాగ్య ఆ మూలకు పోయి తనూ కూర్చుని, అరచేత్తో మెల్లగా తాకింది. చల్లగా ఉంది. మాలు మరీ పల్చగా పోసిన చోట పైన తేరినట్టు నీళ్లు నిలుస్తాయి. ఇక్కడ అలా లేదు. కలిపినప్పుడు ఎలా ఉందో అలాగే, ముద్దగా ఉంది.

"పలగ్గొట్టుడేనా మేస్త్రీ?" మెట్ల మీంచి రఘుపతి అడిగాడు.

"ఇంజనీర్ సారు వచ్చినంక చూద్దం సేటూ."

కింద తలుపు దగ్గర నీడలో రఘుపతి తల్లి ఐలవ్వ చింతపండు గింజలు తీస్తోంది. ఆమె అందరికంటే గట్టిగా అంది: "దేవుని మూలే గిట్లాయె! సిమెంటంట సిమెంటు! ఎన్కటి మేస్త్రీలు గోడ కడితే గునపం దిగకపోతుండె."

"నువ్వూకో అవ్వా," అన్నాడు రఘుపతి.

*

ఇంజనీరు కృష్ణమోహన్ మర్నాడు రామాయంపేట నుంచి బండి మీద వచ్చాడు. ఇంటి ప్లాను గీసిన మనిషి. చిన్నవాడు, నవ్వుమొహం. హెల్మెట్టు తీయకుండానే పైకెక్కి, మూలంతా తిరిగి, సుత్తెతో ఒకచోట కొట్టి చూశాడు. చప్పుడు రాలేదు. సుత్తె అచ్చు పడింది.

"ఏం నీళ్లు వాడిండ్రు?"

"బోరు నీళ్లే సారూ. ఇంట్ల తాగేది గూడ అవ్వే," అన్నాడు యోసేపు.

"ఉప్పు నీళ్లయితే ముందు జల్దిగ బిగుసుకుంటది, ఎన్కనుంచి లోపటి ఇనుప సలాకలు తింటది. పాకురు పట్టిన నీళ్లయితే లోపట బుగ్గలు పుడ్తయి, బలం ఉండది. ఇది గా రెండూ కాదు."

"ఈ పిల్ల ఎక్కువ పోసింది సారూ."

భాగ్య గమేళా చంకన పెట్టుకుని గోడవారగా నిలబడింది. ముఠా ఆ పూట పక్క వీధిలో పనికి పోవాలి.

"ఎక్కువ పోస్తే బలం తక్కువైతది. కానీ ఒక దినమంత గిట్ల మెత్తగ ఉంటదని చెప్పలేను." కృష్ణమోహన్ హెల్మెట్టు తీసి తల గోక్కున్నాడు. "చక్కెరో బెల్లమో పడితే మటుకు గిట్లయితది. తీపి తాకితే సిమెంటు నిద్రపోతది. పిడికెడు చాలు. అట్లాంటిదేమన్న పడ్డదా?"

ముఠా అంతా ఘొల్లుమన్నారు.

"చాయ్‌కే సాల్తలేదు సారూ, మిల్లర్‌ల ఎవ్వడేస్తడు!"

"యోసేపు మేస్త్రికి షుగరుంది సారూ, ఆయన వేలు పెట్టిండేమో చూడుండ్రి!"

యోసేపు కూడా నవ్వాడు. అందరూ నవ్వుతుంటే భాగ్య కిందికి చూసింది. కింద తలుపు దగ్గర ఐలవ్వ నవ్వడం లేదు. చింతపండు చాటలో ఆమె చెయ్యి కదలకుండా ఆగిపోయింది. తర్వాత చాట తీసుకుని గబగబా లోపలికి పోయింది.

"పలగ్గొట్టకుండ్రి," అంటున్నాడు కృష్ణమోహన్. "కింది కట్టెలు ఒక్కటి గూడ గుంజొద్దు. తడి గోనె సంచులు కప్పి ఉంచుండ్రి. తీపి వల్లయితే దినాలకన్న లేస్తది. లేవలేదనుకో, గప్పుడు ఆ మూల కొట్టి మళ్ల పోసుకుందం."

*

ఆ రోజంతా భాగ్య గమేళాలు మోసింది. మిల్లర్ దగ్గర కొత్తగా పెట్టిన మనిషి నీళ్లు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పోస్తుంటే, తలమీద బరువుతో పోతూనే ఆమె చెవి ఆ డ్రమ్ము వైపే ఉంది. మాలు ఎండుగా ఉన్నప్పుడు గరగరమంటుంది. సరిగ్గా కుదిరినప్పుడు గరగర పోయి, మెత్తగా ఒరుసుకుంటున్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా బొక్కెన దించాలనిపించి ఆమె చెయ్యి ఊరికే కదిలింది.

"మెడ జర సక్కగ పెట్టు, పడ్తది," అంది వెనకాల వస్తున్న దానమ్మ. "మనసంతా గా డ్రమ్ము కాన్నే ఉన్నది నీకు."

తెల్లారి పనికి పోయే ముందు భాగ్య ఒక్కతే రఘుపతి ఇంటికి పోయింది. మిల్లర్ పక్కన నీళ్లు పట్టిన నీలం డ్రమ్ము ఇంకా అక్కడే, వేపచెట్టు కింద ఒరిగి పడి ఉంది. దాని అంచుకు చీమల బారు ఉంది. చెట్టు మొదలు నుంచి డ్రమ్ము లోపలికి పోతోంది, లోపలి నుంచి వస్తోంది. భాగ్య డ్రమ్ము వంచి చూసింది. అడుగున ఎండిపోయిన గోధుమరంగు మరక. వేలు తడిచేసి, అద్ది, నాలికకు రాసుకుంది. తియ్యగా ఉంది. తర్వాత వగరుగా కూడా తగిలింది.

ఐలవ్వ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"కరక్కాయ గది," అంది ఐలవ్వ. "వగరు గందుకే."

భాగ్య డ్రమ్ము వదిలేసి ఆమె దగ్గరికి పోయింది. ఇద్దరూ గడప మీద కూర్చున్నారు.

"మా నాయిన డంగు సున్నం తిప్పేటోడు," ముసలామె గొంతు తగ్గించి చెప్పింది. "ఎడ్లు కట్టి, గుండ్రాయి తిప్పి, సున్నం నూరుతుండిరి. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పొయ్యకుంటే మేస్త్రి గోడెక్కకపోతుండె. నేను చిన్నపోరినప్పుడు గా నీళ్లు నేనే ఎత్తుకపోయి ఇచ్చేదాన్ని. బెల్లం జర నాకుతుంటి గూడ. మీరు ఒక్కటన్న ఎయ్యకపోతిరి. దేవుని మూలన్న గట్టిగుండాలె గదా అని... చాయ్ తాగనీకి మీరు అటు పోంగనే గా డ్రమ్ముల ఒక చెంబు గుమ్మరిచ్చిన."

"అవ్వా, అది సున్నం. ఇది సిమెంటు."

"రెండూ రాయి గాల్చి చేసినవే గదనే!"

భాగ్య ముందు పెదవులు బిగించింది, తర్వాత ఆపుకోలేక నవ్వింది. ఐలవ్వ కోపంగా చూసింది. చూసి, తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాస్సేపటికి నవ్వు పోయి మొహం చిన్నబోయింది.

"గా మూల లేవకుంటే, నా కొడుకు తల పైకెత్తినప్పుడల్లా నా బెల్లమే యాదికొస్తది. మేస్త్రికి చెప్తవానే?"

భాగ్య ముసలామె వేళ్లను చూసింది. చింతపండు పట్టి నల్లబడి ఉన్నాయి, కొంగు చివర మెలితిప్పుతున్నాయి. తన తలమీద నిన్నటి గమేళా నొప్పి ఇంకా ఉంది.

"నేను చెప్ప," అంది. "ముందుగాల అది లేవనీ అవ్వా."

*

ఆ తర్వాత రోజూ పనికి పోయే ముందు ఆమె ఆ మూల దగ్గరికి పోయింది. గోనె సంచి ఎత్తి బొటనవేలు పెట్టి చూసేది. ఒక రోజు వేలు దిగింది. మర్నాడు గోరు మాత్రమే దిగింది. రఘుపతి దుకాణానికి పోతూ అడిగేవాడు: "ఎట్లుంది పిల్లా?" ఆమె "ఉన్నది సేటూ," అనేది. అతను తలూపి పోయేవాడు. ఐలవ్వ మటుకు కిందనుంచి మొహం పైకెత్తి చూసేది. భాగ్య తల అడ్డంగా ఊపేది.

గురువారం పొద్దున చలిగా ఉంది. చర్చి గోపురం సగం దాకా మంచులో ఉంది. భాగ్య గోనె సంచి ఎత్తి, అలవాటుగా అరచెయ్యి ఆనించింది. చెయ్యి తీసేసింది. మళ్లీ పెట్టింది. పక్కనున్న గట్టి స్లాబ్ మీద ఇంకో చెయ్యి పెట్టి చూసింది. అది చల్లగా ఉంది. ఇది వెచ్చగా ఉంది.

"అవ్వా! ఓ అవ్వా! రా పైకి!"

మెట్లకు ఇంకా గోడ కట్టలేదు. ఐలవ్వ పై మెట్టు మీద కూర్చోవడం, తర్వాత కాళ్లు ఎత్తుకోవడం, అలా ఒక్కో మెట్టూ కూర్చుంటూ ఎక్కింది. భాగ్య రెక్క పట్టుకుంది. పైకొచ్చాక ముసలామె రొప్పుతూ ఆ మూల మీద చెయ్యి పెట్టింది.

"దీనికి జరమొచ్చిందేమే!"

"జరం కాదవ్వా. లేచింది. సిమెంటు గట్టిపడేటప్పుడు గిట్లనే కాగుతది. మేమేసిన ప్రతి స్లాబ్ గిట్లనే కాగుతది, ఎవ్వరు పట్టించుకోరు."

"లేచిందా!"

"లేచిందవ్వా!"

ఐలవ్వ రెండు చేతులూ పెట్టింది. తర్వాత చెంప ఆనించింది. తడి సిమెంటు ఆమె చెంపకు అంటుకుంది. భాగ్య తన కొంగుతో తుడుస్తుంటే, ఆమె చిన్నపిల్లలా మొహం చాపి తుడిపించుకుంది. కింద పాలవాడు గేటు కొట్టి కొట్టి వెళ్లిపోయాడు.

*

శనివారం కృష్ణమోహన్ మళ్లీ వచ్చాడు. పని ముగించుకుని ముఠా అంతా వచ్చింది. అతను సుత్తెతో కొట్టాడు. టంగుమంది. ఇంకోచోట కొట్టాడు. టంగుమంది. గట్టి స్లాబ్ మీద కొట్టి, మళ్లీ మూల మీద కొట్టాడు. తేడా వినిపించలేదు.

రఘుపతి చేతులు జోడించాడు, ఎవరికో తెలియకుండా. "పలగ్గొట్టుడు లేనట్టేనా సారూ?"

"లేనట్టే. కట్టెలు మటుకు తక్కిన చోటికంటె ఎక్కువ దినాలు ఉండనీయుండ్రి."

యోసేపు ఊపిరి వదిలాడు. నవ్వుతూ అందరి వైపూ చూశాడు. "నేను చెప్పలె? పోసిన నీళ్లన్నీ ఆరెటాల్లకు ఇన్ని దినాలైంది. భాగ్యా, గిప్పటికన్న తెలిసిందా నీళ్లంటె ఏందో?"

భాగ్య తలగుడ్డ విప్పి దులుపుకుంది.

"ఓ యోసేపూ!"

ఐలవ్వ మెట్ల మీద కూర్చుని ఎక్కుతూ వస్తోంది. తల మాత్రమే పైకి కనిపిస్తోంది. "గా పిల్లనేం అనకు. నీళ్లు గా పిల్ల సక్కగనే పోసింది. గా నీళ్లల్ల బెల్లం పోసింది నేను."

అందరి తలలూ మెట్ల వైపు తిరిగాయి.

"కరక్కాయ గూడ," అంది ఐలవ్వ, సగం చెబితే బాగుండదన్నట్టు. "మా నాయిన చేసినట్టే చేసిన. గట్టిగుండాలని చేసిన. తప్పయితే నాది."

"అవ్వా!" అన్నాడు రఘుపతి. అతని మొహం ఎర్రబడింది. ఇంకో మాట కోసం వెతుక్కుంటుండగా కృష్ణమోహన్ ఫక్కున నవ్వాడు. దానమ్మ అందుకుంది. తర్వాత ఎవరూ ఆగలేదు. చివరికి రఘుపతి కూడా తల్లి పక్కన మెట్టు మీద కూలబడి, నవ్వుకు వచ్చిన కన్నీళ్లు తుడుచుకున్నాడు.

"ఇంకో పిడికెడు ఎక్కువ పడ్డదనుకో, ఎప్పటికీ లేవకపోతుండె అవ్వా," అన్నాడు కృష్ణమోహన్. "నీ నసీబు మంచిది. గిట్ల లేటుగ లేచినయి ఒక్కోపారి తక్కినదానికంటె బలంగ గూడ తయారైతయి. ఇది గట్లనే అయితదని నేను చెప్పలేను."

ఐలవ్వకు చివరి మాట వినిపించలేదు. "ఇన్నవార బిడ్డా! తక్కినదానికంటె బలమంట!" అని కొడుకు భుజం మీద చరిచింది.

అందరూ నవ్వుతూ దిగిపోయారు. యోసేపు మాత్రం ఆ మూల దగ్గర కాసేపు ఉన్నాడు. భాగ్య పక్కనుంచి పోతుంటే ఏదో అనబోయి, సుత్తె తీసుకుని ఇంకోసారి కొట్టి చూశాడు.

*

"ఏమన్న అన్నడా?" రాగానే ఎల్లం అడిగాడు.

"లేదు."

"నేనడగాల్నా?"

"ఒద్దు. అందరి ముంగట అన్న మాటను, నువ్వు అడిగితే తప్పని ఇంట్ల చెప్తడు. అది నాకెందుకు?"

ఆదివారం గడిచింది.

సోమవారం పొద్దున భాగ్య జొన్నరొట్టె చేస్తుంటే గల్లీలో ట్రాక్టరు ఆగిన చప్పుడైంది. వెనక మిల్లర్ కట్టి ఉంది. ట్రాలీలో ముఠా అంతా నిలబడి ఉంది. టేక్మాల్ దారిలో కొత్త పని. యోసేపు దిగి, గడప ముందు నిలబడ్డాడు. లోపలికి రాలేదు. ఎల్లం చాయ్ గ్లాసు పట్టుకుని లేచాడు.

"రా మేస్త్రీ, కూసో."

"కూసోనీకి రాలే." యోసేపు ఒకసారి దగ్గాడు. "భాగ్యా. ఆ దినం నేనన్న మాట తప్పు. నువ్వు నీళ్లు సక్కగనే పోసినవ్."

"ఇనవడలే మేస్త్రీ!" ట్రాలీ మీంచి దానమ్మ అరిచింది. "ఇంజను చప్పుడుంది, జర గట్టిగ!"

యోసేపు వెనక్కి తిరిగి ఆమెను గుర్రుగా చూశాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. గల్లీలో నల్లా దగ్గరున్న ఆడవాళ్లు తలలు తిప్పారు. మేస్త్రి ఛాతీ నిండా గాలి పీల్చుకుని, చర్చిలో వాక్యం చదివేవాడిలా అన్నాడు.

"నీళ్లు భాగ్య సక్కగనే పోసింది! తప్పు నాది! మిల్లర్ కాడ నీళ్లు భాగ్యే పోస్తది! ఇన్నరా?"

"ఆమెన్!" అన్నాడు ఎల్లం.

ట్రాలీ మీద నవ్వులు పేలాయి. యోసేపు కూడా నవ్వకుండా ఉండలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. భాగ్య తలెత్తలేదు. పెనం మీద రొట్టె తిరగేసి, అంచులు ఒత్తి, కాలిన చోటు చూసి, దించి ఎల్లం పళ్లెంలో వేసింది. స్టవ్ ఆర్పింది. చేతులు కడుక్కుంది. చీర మీద పని చొక్కా తొడుక్కుని, గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంది.

ఎల్లం ఆమెనే చూస్తున్నాడు. బయట అందరూ చూస్తున్నారు. ఆమె కొంగు నడుముకు బిగించి, యోసేపు పక్కకు జరిగి ఇచ్చిన దారిలోంచి, గడప దాటింది.